పుస్తకాల గదికీ సర్వర్ గదికీ మధ్య: విశ్వవిద్యాలయ గ్రంథాలయ, సాంకేతిక సేవల ప్రణాళికకు సమగ్ర మార్గదర్శి

రాత్రి పదకొండు గంటలు. హాస్టల్ గదిలో ఒక పరిశోధక విద్యార్థిని జర్నల్ వ్యాసం కోసం లింకు నొక్కింది. 'మీకు అనుమతి లేదు' అని తెరపై వచ్చింది. ఆ ఒక్క నొక్కు హాస్టల్ వైఫైని దాటాలి, విశ్వవిద్యాలయ లాగిన్‌ను దాటాలి, బయటి నుంచి వచ్చేవారిని లోపలివారిగా చూపించే ప్రాక్సీ సర్వర్‌ను దాటాలి, చందా జాబితాలో ఆ పత్రిక ఉండాలి, ప్రచురణకర్త దగ్గర మన నెట్‌వర్క్ చిరునామాలు సరిగ్గా నమోదై ఉండాలి. వీటిలో ఏది తెగినా కనిపించేది ఆ ఒక్క వాక్యమే. మర్నాడు గ్రంథాలయానికి వెళ్తే 'అది నెట్‌వర్క్ సమస్య, కంప్యూటర్ కేంద్రాన్ని అడగండి' అంటారు. అక్కడికి వెళ్తే 'చందా కట్టేది లైబ్రరీ కదా' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆమెకు మాత్రం వ్యాసం దొరకలేదు.

విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయానికి ఒక ప్రణాళిక, సాంకేతిక విభాగానికి మరొకటి విడివిడిగా తయారవుతాయి. రెండూ చదవడానికి బాగానే ఉంటాయి. సేవ తెగిపోయేది మాత్రం ఆ రెండు కాగితాల మధ్య ఉన్న సందులోనే. అందుకే ఈ మార్గదర్శి ఆ సందు నుంచే మొదలవుతుంది. కింద చెప్పిన అడుగులతో ప్రణాళిక తయారు చేయడం ఒక మధ్యస్థాయి విశ్వవిద్యాలయానికి ఆరు నుంచి తొమ్మిది నెలల పని. మూడు నెలల్లో ముగించమని పైనుంచి ఒత్తిడి వస్తే, రెండో అడుగును కుదించకుండా ఏడో అడుగును కుదించండి.

మొదటి అడుగు: బృందం

ఎనిమిది మంది చాలు. లైబ్రేరియన్, కంప్యూటర్ కేంద్రం అధిపతి ఇద్దరూ సమాన బాధ్యతతో బృందాన్ని నడపాలి. ఒకరు అధ్యక్షులై, మరొకరు 'ప్రత్యేక ఆహ్వానితులు' అయిన చోట పని మొదటి రోజే కుంటుతుంది. ఆర్థిక విభాగం నుంచి ఒకరు కావాలి. ప్రవేశాల విభాగం నుంచి ఒకరు తప్పనిసరి, ఎందుకంటే విద్యార్థి రికార్డు పుట్టేది అక్కడే. బోధకులు ఇద్దరు: ఒకరు ప్రయోగశాల శాస్త్రాల నుంచి, మరొకరు చరిత్రో సాహిత్యమో బోధించేవారు. మొదటివారికి నిన్నటి వ్యాసం కావాలి, రెండోవారికి వందేళ్ల కిందటి పుస్తకం కావాలి. ఒక పరిశోధక విద్యార్థి. ఎనిమిదో కుర్చీ ఇష్యూ కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగిది.

ఈ ఎనిమిదో కుర్చీని మర్యాద కోసం చెప్పడం లేదు. నేను పనిచేసిన ఒక కమిటీలో స్వయంగా పుస్తకాలు తీసుకునే యంత్రాల గురించి మూడు సమావేశాలు చర్చించాం. నమూనాలు చూశాం, ధరలు పోల్చాం. నాలుగో సమావేశానికి కౌంటర్ ఉద్యోగిని పిలిస్తే ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: 'బైండింగ్‌కు వెళ్లివచ్చిన పుస్తకాల్లో చాలావాటికి బార్‌కోడ్ లేదండీ. మేం నంబరు చేత్తో కొడతాం.' కొనవలసింది యంత్రాలు కావని, ముందు లేబుళ్లని అప్పుడు తెలిసింది.

గ్రంథాలయాన్నీ కంప్యూటర్ కేంద్రాన్నీ ఒకే విభాగంగా కలపాలా అన్న ప్రశ్న కూడా ఈ దశలోనే లేస్తుంది. 1990లలో బ్రిటన్, అమెరికాల్లో అనేక విశ్వవిద్యాలయాలు రెండింటినీ కలిపాయి. కొన్ని తరువాత మళ్లీ విడదీశాయి. నా అభిప్రాయం అడిగితే, కలిపినా విడదీసినా పెద్ద తేడా ఉండదు. ఒక సమస్య రెండు విభాగాల మధ్య పడినప్పుడు దాన్ని చివరిదాకా మోయవలసిన మనిషి ఎవరో రాసిపెట్టి ఉందా లేదా అన్నదే తేడా తెస్తుంది. విభాగాలను కలిపే చర్చ ఏడాదిపాటు అందరి శక్తినీ పీల్చేస్తుంది కాబట్టి దాన్ని ఈ ప్రణాళిక బయట ఉంచండి.

రెండో అడుగు: ఉన్నదాన్ని లెక్కపెట్టడం

అందరూ దాటేయాలనుకునే అడుగు ఇదే. మూడు జాబితాలు తయారు చేయాలి.

మొదటిది సేవల జాబితా. పాఠకుడి మాటల్లో రాయండి: 'పుస్తకం ఇంటికి తీసుకెళ్లడం', 'ఇంటి నుంచి వ్యాసం చదవడం', 'సిద్ధాంత గ్రంథం సమర్పించడం', 'ప్రింటు తీసుకోవడం'. ఒక్కొక్కదానికి ఎదురుగా దాన్ని నడిపే మనిషి పేరు రాయాలి. విభాగం పేరు రాస్తే సరిపోదు. పేరు దొరకని సేవలు మూడో నాలుగో తేలుతాయి. అవే మీ మొదటి పనులు.

రెండోది వ్యవస్థల జాబితా: గ్రంథాలయ సాఫ్ట్‌వేర్, సంస్థాగత భాండాగారం (మన వ్యాసాలను, సిద్ధాంత గ్రంథాలను దాచి అందించే ఆన్‌లైన్ నిల్వ), ప్రాక్సీ, లాగిన్ సర్వర్, బోధన వేదిక (కోర్సు పేజీలు ఉండే వెబ్‌సైట్), తలుపు దగ్గర కార్డు చదివే పరికరం. ప్రతిదానికీ వెర్షన్, దాని మద్దతు గడువు, అది నడుస్తున్న సర్వర్, దానిలో నిర్వాహక పాస్‌వర్డ్ ఉన్నవారు, దాని డేటా వచ్చే చోటు, వెళ్లే చోటు రాయాలి. ఎప్పుడో పదవీ విరమణ చేసిన ఉద్యోగి వ్యక్తిగత ఈమెయిల్ మీద నమోదైన డొమైన్ పేరు, ఎవరి టేబుల్ కిందో పదేళ్లుగా ఆగకుండా నడుస్తున్న పాత కంప్యూటర్ లాంటివి ఈ వెతుకులాటలోనే బయటపడతాయి. ఆ పాత కంప్యూటర్‌ను వెంటనే ఆపేయకండి. అది ఏం చేస్తోందో తెలిసేదాకా ఆగండి.

మూడోది ఒప్పందాల జాబితా. ముగింపు తేదీకంటే ముఖ్యమైన తేదీ ఇంకొకటి ఉంటుంది: కొనసాగించడం లేదని ముందుగా తెలియజేయవలసిన గడువు. దాన్ని దాటితే కొన్ని ఒప్పందాలు వాటంతట అవే మరో ఏడాది కొనసాగిపోతాయి. తేదీలన్నీ ఒకే క్యాలెండర్‌లో, ఇద్దరికి కనిపించేలా ఉండాలి.

ఇక వాడకం. ఎలక్ట్రానిక్ వనరుల వాడకాన్ని అన్ని ప్రచురణ సంస్థలూ ఒకే పద్ధతిలో లెక్కించడానికి కౌంటర్ (COUNTER) అనే ప్రమాణం ఉంది. 2002లో మొదలైన ఆ ప్రయత్నంలో ఐదో విడత నియమావళి 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఈ నివేదికల్లో డౌన్‌లోడ్‌ల సంఖ్యను అందరూ చూస్తారు. తిరస్కరణల నివేదికను తెరిచేవారు తక్కువ. మన పాఠకులు తలుపు తట్టి, చందా లేకనో, ఒకేసారి చదివేవారి పరిమితి నిండిపోయో వెనుదిరిగిన సందర్భాలు అందులో ఉంటాయి. ఏం కొనాలో చెప్పే కాగితం అదే. అలాగే మీ కేటలాగులో ఒక్క ఫలితం కూడా రాని వెతుకుళ్ల చిట్టా తీయించండి. సగం అక్షరదోషాలు ఉంటాయి, నిజమే. మిగతా సగంలో మన దగ్గర లేని పుస్తకాలు, ఉండి కూడా వేరే పదం కింద దాగిన పుస్తకాలు, లైబ్రరీ పనివేళలు అడిగిన ప్రశ్నలు కనిపిస్తాయి.

సర్వే చేయవచ్చు, కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 'సేవలు బాగున్నాయా' అని అడిగితే బాగున్నాయనే అంటారు. దానికి బదులు రెండు వారాలపాటు ఇష్యూ కౌంటర్‌లో, సాంకేతిక సహాయ కేంద్రంలో ఒకే రకం గీతల కాగితం పెట్టి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఒక గీత గీయించండి. రెండు చోట్లా ఒకే ప్రశ్నకు గీతలు పడితే, అక్కడ సందు ఉన్నట్టు.

మూడో అడుగు: పాఠకుల ప్రయాణాలు

ఇప్పుడు ఎనిమిదో పదో ప్రయాణాలు ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా గీయండి. మొదటి వారంలో కొత్త విద్యార్థి పుస్తకం తీసుకోవడం. పాఠ్య జాబితాను బోధకురాలు కోర్సు పేజీలో పెట్టడం. పరిశోధకుడు తన వ్యాసాన్ని భాండాగారంలో చేర్చడం. దూరవిద్య విద్యార్థి వేరే ఊరి నుంచి డేటాబేస్ తెరవడం. చూపులేని విద్యార్థి పాఠ్యపుస్తకాన్ని తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినడం.

ఈ చివరి ప్రయాణాన్ని 'ప్రత్యేక అవసరాలు' అన్న అనుబంధంలోకి నెట్టేయడం అలవాటైపోయింది. దాన్ని ముందుకు తెండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ బొమ్మగా మాత్రమే ఉంటే తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు అందులో ఒక్క అక్షరం కూడా దొరకదు. వెతికేవారికీ దొరకదు. ఒకరి కోసం ఆ బొమ్మలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో గుర్తింపజేస్తే అందరికీ పనికొస్తుంది. వైకల్యం ఉన్నవారు కూడా వెబ్‌సైట్లను వాడగలిగేలా చేయడానికి డబ్ల్యూసీఏజీ (WCAG) అనే మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. కొనే ప్రతి వేదికకూ టెండరులోనే దాన్ని షరతుగా పెట్టాలి. చూపులేనివారికి, అచ్చు చదవలేనివారికి అనువైన ప్రతులు తయారు చేసుకోవడానికి, దేశాల మధ్య పంచుకోవడానికి 2013లో కుదిరి 2016 సెప్టెంబరు 30న అమల్లోకి వచ్చిన మరాకేష్ ఒప్పందం దారి తెరిచింది. మీ దేశ చట్టం దాన్ని ఎలా అమలు చేస్తోందో న్యాయ విభాగాన్ని అడిగి ప్రణాళికలో రాసుకోండి.

ప్రయాణం గీసేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా రెండు సంగతులు రాయాలి: ఇక్కడ తెగితే పాఠకుడికి ఏం కనిపిస్తుంది, ఎవరికి తెలుస్తుంది. చాలా మలుపుల దగ్గర రెండో ప్రశ్నకు జవాబు 'ఎవరికీ తెలియదు' అని వస్తుంది.

నాలుగో అడుగు: గుర్తింపు

సేవలన్నిటికీ మూలం ఇదే. ఎవరు మనవారు, ఎప్పటి నుంచి, ఎప్పటిదాకా?

విద్యార్థి పేరు ప్రవేశాల విభాగంలో ఒకసారి నమోదైతే, లాగిన్, గ్రంథాలయ సభ్యత్వం, వైఫై, బోధన వేదిక అన్నీ దాని నుంచే పుట్టాలి. గ్రంథాలయం మళ్లీ ఫారం నింపించుకుని చేత్తో ఎక్కిస్తుంటే, ఒకే మనిషికి రెండు స్పెల్లింగులు, మూడు నంబర్లు తయారవుతాయి. వ్యవస్థల మధ్య డేటా రోజుకు ఒకసారి వెళ్తే చాలు. అది వెళ్లకపోయిన రోజు ఎవరికో ఒకరికి సందేశం అందడం ముఖ్యం.

చేరడం, మారడం, వెళ్లిపోవడం అనే మూడు ఘట్టాలకూ నియమాలు రాయండి. చేరినవారిని అందరూ గుర్తుపెట్టుకుంటారు. మారినవారు ఇబ్బంది పెడతారు: డిగ్రీ ముగించి అదే విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరిన విద్యార్థి పాత ఖాతా జూన్‌లో మూతపడి, కొత్తది ఆగస్టులో తెరుచుకుంటే మధ్యలో ఆమె ఎవరు? వెళ్లిపోయినవారి ఖాతాలు మూయకపోవడం భద్రతకు ముప్పు. కొన్ని చందా ఒప్పందాల ప్రకారం ఉల్లంఘన కూడా. అతిథి బోధకులు, పూర్వ విద్యార్థులు, నేరుగా నడిచి వచ్చే బయటి పాఠకులు, పదవీ విరమణ చేసిన ఆచార్యులు అనే నాలుగు వర్గాలకు ఏ వనరు ఎంతవరకు అందుతుందో పట్టికగా రాసుకోండి. ఆ పట్టికను చందా ఒప్పందంలోని 'అనుమతి ఉన్న పాఠకులు' అన్న నిర్వచనంతో పోల్చి చూడాలి. తేడాలు తప్పక ఉంటాయి.

బయటి నుంచి ప్రవేశానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య: ప్రాంగణం లోపలి చిరునామాలను ప్రచురణకర్తకు ఇచ్చి, బయటివారిని ఈజీప్రాక్సీ లాంటి ప్రాక్సీ ద్వారా తీసుకురావడం. రెండోది సంస్థాగత లాగిన్: సామ్ల్ (SAML) అనే లాగిన్ ప్రమాణం మీద నడిచే షిబ్బోలెత్ వంటి వ్యవస్థ, పాఠకుడు మనవాడేనని ప్రచురణకర్తకు హామీ ఇవ్వడం. రెండో దారి భవిష్యత్తుకు మంచిది. పాఠకుడు గూగుల్ నుంచి నేరుగా వ్యాసం పేజీకి వెళ్లినా అక్కడే లాగిన్ కాగలడు. అయితే కొంతకాలం రెండూ నడపక తప్పదు, దానికి తగిన సిబ్బందిని లెక్కలో పెట్టుకోండి. సంస్థాగత లాగిన్ పెట్టేటప్పుడు ప్రచురణకర్తకు ఏ వివరాలు పంపాలో మీరే నిర్ణయించాలి. 'ఈమె మా విద్యార్థిని' అన్న హామీ, అర్థంలేని ఒక గుర్తింపు సంఖ్య సరిపోతాయి. పేరు, ఈమెయిల్ పంపవలసిన అవసరం అరుదు.

వైఫై విషయంలో కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. ఐరోపాలో మొదలై వందకు పైగా దేశాలకు విస్తరించిన ఎడురోమ్‌లో చేరితే, మీ విద్యార్థి మరో విశ్వవిద్యాలయంలో తన సొంత లాగిన్‌తోనే వైఫై వాడుకోగలడు. అక్కడివారూ మీ దగ్గర అలాగే వాడుకుంటారు.

ఐదో అడుగు: గ్రంథాలయ వ్యవస్థను ఎంచుకోవడం

కొనే సాఫ్ట్‌వేరా, ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకుని మార్చుకోగల) సాఫ్ట్‌వేరా అన్న వాదన కొన్ని కమిటీల్లో మతచర్చలా సాగుతుంది. రెండు వైపులా మంచి వ్యవస్థలు ఉన్నాయి. న్యూజీలాండ్‌లో ఒక ప్రజా గ్రంథాలయ సంస్థ పాత వ్యవస్థ 2000 సంవత్సరాన్ని తట్టుకోదని తేలడంతో 1999లో రాయించుకున్న సాఫ్ట్‌వేరే కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. భాండాగారాల కోసం అమెరికాలోని ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్-ప్యాకార్డ్ కంప్యూటర్ సంస్థ కలిసి 2002లో డీస్పేస్‌ను విడుదల చేశాయి. ఇవి ఉచితంగా దొరుకుతాయి, నిజమే. నడపడం మాత్రం ఉచితం కాదు. లైసెన్సుకు పెట్టని డబ్బును సర్వర్ నిర్వహణ తెలిసిన ఒక మనిషికి, ఆ మనిషి వెళ్లిపోతే పని అందుకునే రెండో మనిషికి, అవసరమైతే బయటి మద్దతు సంస్థకు పెట్టాలి. అంత మంది లేని చోట ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఐదేళ్లు అప్‌డేట్ లేకుండా ఉండిపోవడం చూశాను. మనుషులు ఉన్న చోట అదే వ్యవస్థ పాఠకుల కోరిక మేరకు నెలనెలా మెరుగుపడటమూ చూశాను.

ఏది ఎంచుకున్నా, బయటికి వచ్చే దారిని ముందు అడగండి. 'ఐదేళ్ల తరువాత మేం వెళ్లిపోతే మా రికార్డులన్నీ ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజుల్లో, ఎంతకు?' జవాబు ఒప్పందంలో ఉండాలి. గ్రంథసూచి రికార్డులు మార్క్ 21 (MARC 21) అనే ప్రామాణిక రూపంలో రావడం ఒక్కటే చాలదు. అందులో ఒక్కో వివరానికీ ఒక్కో నంబరు గల క్షేత్రం ఉంటుంది. సభ్యుల రికార్డులు, బయట ఉన్న పుస్తకాలు, బకాయిలు, కొనుగోలు ఉత్తర్వులు కూడా రావాలి. అవి రాకుండా గ్రంథసూచి రికార్డులు మాత్రమే వస్తే, ఇల్లు మారినప్పుడు సామాను పాత ఇంట్లోనే వదిలేసి తాళంచెవి తెచ్చుకున్నట్టు ఉంటుంది.

పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి డేటా మార్చడం మీద ప్రణాళికలో అందరూ ఒక పంక్తి రాస్తారు. నిజానికి ఏడాదిలో సగం దానికే పోతుంది. పద్ధతి ఇది: ముందు అన్ని రకాలూ కలిసేలా వెయ్యి రికార్డులు తీయండి. పాతవి, బహుళ సంపుటాలు, పత్రికలు, పటాలు, ఇతర లిపుల్లోవి అన్నీ ఉండాలి. వాటిని మార్చి, ఒక్కొక్కటిగా కళ్లతో చూడండి. 245వ క్షేత్రంలో శీర్షిక, 100లో రచయిత, 020లో ఐఎస్‌బీఎన్ సరిగ్గా పడ్డాయా? 2007కు ముందు పుస్తకాలకు పది అంకెల ఐఎస్‌బీఎన్, ఆ తరువాతివాటికి పదమూడు అంకెలది. రెండింటితో వెతికినా పుస్తకం దొరకాలి. తప్పులు సరిదిద్ది రెండోసారి, మూడోసారి మార్చండి. మొత్తం మార్పిడికి ముందు కనీసం రెండు పూర్తి రిహార్సల్స్ జరగాలి, గడియారం పెట్టి. మార్పిడికి పద్నాలుగు గంటలు పడుతుందని ముందే తెలిస్తే శనివారం రాత్రి మొదలుపెట్టవచ్చు. తెలియకపోతే సోమవారం ఉదయం కౌంటర్ ముందు క్యూ పెరుగుతుంది.

లిపుల గురించి ఒక హెచ్చరిక. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా, చాలా కాలం రికార్డులను ఫాంటు ఆధారిత ఎన్‌కోడింగ్‌లలో టైపు చేశారు. ఫాంటు పోతే ఆ రికార్డులు చెత్త అక్షరాలుగా మిగులుతాయి. ఇతర భాషల్లోనూ ఇదే కథ. మరికొన్ని రికార్డుల్లో శీర్షిక రోమన్ లిపిలో మాత్రమే ఉంటుంది, అదీ ఒక్కో కేటలాగర్ ఒక్కో స్పెల్లింగుతో. మార్క్‌లో 880 క్షేత్రం అసలు లిపిలోని రూపం కోసమే ఉంది. పాఠకుడు తన లిపిలో టైపు చేసినా, రోమన్‌లో చేసినా పుస్తకం దొరికేలా పరీక్షించండి. అమ్మకందారు ప్రదర్శనలో ఇంగ్లిష్ శీర్షికలతోనే వెతికి చూపిస్తారు. మీరు మీ వంద శీర్షికలు పట్టుకెళ్లండి.

ఎవరు ఏం చదివారన్న చరిత్రను ఎంతకాలం ఉంచాలో కూడా ఇక్కడే తేల్చాలి. పుస్తకం తిరిగొచ్చాక, బకాయి లేకపోతే, పాఠకుడి పేరును ఆ లావాదేవీ నుంచి తొలగించడం మంచి ఆనవాయితీ. గణాంకాలకు పేరు అక్కర్లేదు.

ఆరో అడుగు: డబ్బు

రెండు రకాల డబ్బును కలపకండి: ఒకసారి పెట్టేది, ప్రతి ఏడూ పెట్టవలసింది. సర్వర్లు, ఫర్నిచర్, స్కానర్లకు నిధులు తేలిగ్గా వస్తాయి, ఎందుకంటే వాటిని ప్రారంభించి ఫోటో తీయించుకోవచ్చు. చందాలు, నిర్వహణ ఒప్పందాలు, క్లౌడ్ అద్దె, మనుషుల జీతాలు ఫోటోలో పడవు. ఐదేళ్ల పట్టిక గీసి, ఈ ఏడాది కొన్న ప్రతి వస్తువుకూ వచ్చే నాలుగేళ్ల ఖర్చును పక్కన రాయండి. కంప్యూటర్లకు ఐదేళ్ల ఆయుష్షు అనుకుంటే, ఏటా ఐదో వంతు మార్చేలా నిధి ఉండాలి. ఒకేసారి అన్నీ కొంటే ఒకేసారి అన్నీ ముసలివవుతాయి.

చందాల లెక్క ఇలా చూడండి. ధర ఏటా 5 శాతం పెరుగుతోందని, బడ్జెట్ మాత్రం 100 దగ్గరే ఆగిందని అనుకుందాం. ఐదేళ్లకు అదే సరుకు ఖరీదు సుమారు 128 అవుతుంది. అంటే మీ 100తో పాత జాబితాలో దాదాపు 78 శాతమే కొనగలరు. మిగతా 22 ఏవో ఎవరు నిర్ణయిస్తారు? ప్రణాళిక చెప్పకపోతే, చివరి వారంలో భయంతో ఉన్నవారు నిర్ణయిస్తారు.

కాబట్టి ప్రతి పెద్ద పత్రికల ప్యాకేజీకి మూడు సంగతులు సిద్ధంగా ఉంచుకోవాలి: ఒక్కో డౌన్‌లోడ్‌కు ఖర్చు, మన రచయితలు ఆ పత్రికల్లో ప్రచురించిన వ్యాసాల సంఖ్య, ప్యాకేజీ వదులుకుంటే వ్యాసాలు అందించే ప్రత్యామ్నాయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019 ఫిబ్రవరిలో ఎల్సెవియర్ అనే పెద్ద జర్నల్ ప్రచురణ సంస్థతో చర్చలు ఆపేసింది. ఆ జూలైలో కొత్త వ్యాసాలకు నేరుగా ప్రవేశం ఆగిపోయింది. తమ రచయితల వ్యాసాలు అందరికీ తెరిచి ఉండేలా కొత్త ఒప్పందం 2021 మార్చిలో కుదిరింది. అంతకాలం నిలబడగలగడానికి కారణం, బోధకులతో ముందే మాట్లాడి ఉండటం, వ్యాసాలు తెప్పించే మార్గాలను సిద్ధం చేసుకోవడం. చర్చల బల్ల దగ్గర లేచి రాగలిగినవారికే బేరం ఉంటుంది.

ఒప్పందంలో చూడవలసిన మరో రెండు నిబంధనలు: చందా ఆపాక, డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు మనకు అందుతూనే ఉంటాయా? పరిశోధకులు పాఠ్యాన్ని యంత్రాలతో విశ్లేషించడానికి, ఏఐ పరికరాలకు ఇవ్వడానికి అనుమతి ఉందా? రెండో దానిపై నిబంధనలు ఇటీవల వేగంగా మారుతున్నాయి. పాత ఒప్పందం మౌనంగా ఉంటే అనుమతి ఉన్నట్టు అనుకోవద్దు.

ఏడో అడుగు: గది, తీగ, కరెంటు

దీన్ని క్లుప్తంగానే చెబుతాను, ఇంజినీర్లు ఉన్నారు కాబట్టి. పుస్తకాల బీరువాల అంతస్తు చదరపు మీటరుకు సుమారు 730 కిలోల బరువు మోయాలన్నది విస్తృతంగా వాడే ప్రమాణం. చదివే గదికి అందులో సగం కూడా అక్కర్లేదు. కాబట్టి చదివే గదిని బీరువాల గదిగా మార్చే ముందు నిర్మాణ ఇంజినీరు సంతకం కావాలి. కదిలే బీరువాలకు ఇంకా ఎక్కువ బలం కావాలి. బీరువాలు నింపేటప్పుడు ప్రతి అరలో ఐదో వంతు ఖాళీ వదలండి. లేకపోతే కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా వరుస మొత్తం జరపాలి.

చదివే గదిలో 400 సీట్లు ఉంటే 800 పరికరాలు వస్తాయని లెక్క వేయండి. వైఫై కవరేజీ వేరు, సామర్థ్యం వేరు. గదంతా సిగ్నల్ గీతలు నిండుగా కనిపించినా, వైఫై అందించే ఒకే పరికరం (యాక్సెస్ పాయింట్) మీద రెండు వందల ఫోన్లు పడితే పేజీ తెరుచుకోదు. ఇక ప్లగ్ పాయింట్లు. ఎంత ఖరీదైన కొత్త భవనం గురించైనా విద్యార్థులు ముందు చెప్పేది అవి చాలడం లేదనే.

ఎనిమిదో అడుగు: పోయినప్పుడు

పోతే అని కాకుండా, పోయినప్పుడు అనే రాయండి.

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగింది. దాదాపు 600 గిగాబైట్ల సమాచారం దొంగల చేతికి పోయి బయటపడింది. ప్రధాన కేటలాగు, అదీ వెతకడానికి మాత్రమే, తిరిగి వచ్చింది 2024 జనవరిలో. ఆ ఏడాది మార్చిలో లైబ్రరీ తన అనుభవాన్ని దాపరికం లేకుండా నివేదికగా ప్రచురించింది. గ్రంథాలయ సాంకేతికులు చదవవలసిన పత్రం అది. అందులో గుచ్చుకునే సంగతి: డిజిటల్ సేకరణల ప్రతులు భద్రంగానే ఉన్నాయి, కానీ వాటిని తిరిగి ఎక్కించడానికి పనికొచ్చే సర్వర్లు మిగల్లేదు. పాత వ్యవస్థలు ఎన్నో కొత్త సర్వర్ల మీద నడవలేవు. దాడి జరిగినట్టు భావిస్తున్న దారిలో రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు అడిగేది) లేదు.

క్యోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబరులో దొంగలెవరూ రాలేదు. పాత లాగ్ ఫైళ్లను (వ్యవస్థ తన పనిని రాసుకునే చిట్టాలను) తొలగించే స్క్రిప్టును, అది నడుస్తుండగానే కొత్తదానితో మార్చడంతో, అది సూపర్‌కంప్యూటర్ నిల్వలో ఉన్న పరిశోధకుల ఫైళ్లనే తుడిచేసింది. సుమారు 77 టెరాబైట్లు, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. కొన్ని పరిశోధక బృందాల డేటా తిరిగి రాలేదు.

ఈ రెండు కథల నుంచి ప్రణాళికలోకి రావలసినవి ఇవి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట. ఆ మూడింటిలో ఒకటి నెట్‌వర్క్‌కు తగిలించకుండా, తుడవడానికి వీల్లేని రూపంలో ఉండాలి. నిర్వాహకులందరికీ, బయటి కాంట్రాక్టర్లకు కూడా, రెండంచెల లాగిన్. ప్రతి వ్యవస్థకూ రెండు అంకెలు: ఎన్ని గంటల్లో తిరిగి నడవాలి, ఎన్ని గంటల డేటా పోయినా భరించగలం. కేటలాగు ఒక రోజు ఆగినా పరవాలేదు, కానీ సిద్ధాంత గ్రంథాలు సమర్పించే చివరి వారంలో భాండాగారం ఒక గంట కూడా ఆగకూడదు. ఏడాదికి రెండుసార్లు నిజంగా బ్యాకప్ నుంచి ఖాళీ సర్వర్ మీదికి ఎక్కించి చూడాలి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. వ్యవస్థ లేని రోజు పుస్తకాలు ఎలా ఇవ్వాలో ఒక కాగితం కౌంటర్‌లో అతికించి ఉండాలి, అదీ అచ్చు వేసినది. కంప్యూటర్ ఆగినప్పుడు చదవవలసిన సూచనలను కంప్యూటర్‌లోనే దాచుకున్న విభాగాలు నాకు తెలుసు.

తొమ్మిదో అడుగు: ఒకే గుమ్మం

పాఠకుడికి ఒకే నంబరు, ఒకే చిరునామా ఇవ్వండి. ప్రశ్న ఎక్కడ అడిగినా ఒకే టికెట్ (నమోదైన ఫిర్యాదు) జాబితాలో చేరాలి. తీసుకున్నవారు దాన్ని వేరొకరికి అప్పగించవచ్చు గానీ, ముగిసేదాకా పాఠకుడికి జవాబు చెప్పే బాధ్యత మొదట తీసుకున్నవారిదే. మొదట్లో చెప్పిన ఆ రాత్రి పదకొండు గంటల లింకుకు ఇదే మందు.

రెండు విభాగాల సిబ్బంది వారానికి ఒక పూట అవతలి బల్ల దగ్గర కూర్చోవాలి. నెట్‌వర్క్ ఇంజినీరు ఇష్యూ కౌంటర్‌లో మూడు గంటలు కూర్చుంటే నేర్చుకునేది ఏ శిక్షణా నేర్పదు. లైబ్రరీ ఉద్యోగికి లాగ్ ఫైలు చదవడం వస్తే, సగం టికెట్లు కంప్యూటర్ కేంద్రం దాకా వెళ్లవు. ప్రాక్సీని అమర్చే పద్ధతి ఒక్కరికే తెలిసి ఉంటే, ఆ ఒక్కరు సెలవు పెట్టలేరు. ప్రతి కీలక పనికీ ఇద్దరు, ఒక రాతప్రతి.

పదో అడుగు: కాగితం, క్యాలెండర్

ఇప్పుడు రాయండి. ఇరవై పేజీలు దాటకూడదు. దార్శనికత, లక్ష్యం, విలువలు అన్న మూడు పేజీల ముందుమాటను ఎవరైనా అడిగితే అర పేజీ ఇవ్వండి. మిగిలినదంతా ప్రయాణాలు, వాటిలో తెగిన చోట్లు, వాటిని అతికే పనులు. ప్రతి పనికీ మనిషి పేరు, తేదీ, డబ్బు, అది పూర్తయిందని తెలిపే గుర్తు ఉండాలి. 'సేవలను మెరుగుపరచడం' గుర్తు కాదు. 'ప్రాంగణం బయటి నుంచి తెరవలేకపోయిన వ్యాసాల ఫిర్యాదులు నెలకు ఇన్ని నుంచి ఇన్నికి' అన్నది గుర్తు.

క్యాలెండర్‌లో ముందు ఎర్ర సిరాతో నిషేధ కాలాలు గీయండి: ప్రవేశాల వారాలు, పరీక్షల నెల, సిద్ధాంత గ్రంథాల గడువు. ఆ రోజుల్లో ఏ వ్యవస్థనూ ముట్టుకోకూడదు. మిగిలిన ఖాళీలు ఎంత తక్కువో చూస్తే, మూడేళ్ల ప్రణాళికలో పెద్ద మార్పులు రెండో మూడో తప్ప పట్టవని అర్థమవుతుంది. ఏది మొదట? గుర్తింపు వ్యవస్థ. అది లేకుండా పెట్టిన కొత్త సాఫ్ట్‌వేర్‌ను రెండేళ్లలో మళ్లీ తెరవాలి.

ఆరు నెలలకు ఒకసారి అదే ఎనిమిది మంది కూర్చుని, పాత ప్రయాణాలను మళ్లీ స్వయంగా నడవాలి, నివేదికలు చదవడం కాకుండా. హాస్టల్ వైఫై మీద, సాధారణ విద్యార్థి ఖాతాతో, సొంత ఫోనులో. నిర్వాహక ఖాతాతో చూస్తే అన్నీ తెరుచుకుంటాయి.

కొత్త వ్యవస్థ మొదలయ్యే తేదీ పక్కనే పాతది ఆగే తేదీ కూడా రాయండి. దాని డేటా ఎక్కడ భద్రపరిచారో, ఎవరి సంతకంతో ప్లగ్ తీస్తారో రాయండి. రెండో అడుగులో దొరికిన టేబుల్ కింది కంప్యూటర్‌కు కూడా ఈ పంక్తిలో చోటు ఉండాలి.